నాలుగుసార్లు లేచిన దీపం

కార్తీకమాసం వచ్చిందంటే మా ఊరి శివాలయంలో పొద్దుగూకగానే ఆకాశదీపం ఎత్తేవారు. చిల్లులున్న ఇత్తడి పాత్రలో ప్రమిద పెట్టి, వెలిగించి, తాడుతో ధ్వజస్తంభం మీదికి లాగేవారు. మా తాతగారి చెయ్యి పట్టుకుని, మెడ నొప్పెట్టేదాకా దానివంక చూస్తూ నిలబడడం నాకిప్పటికీ గుర్తు. "అంత పైన దీపం ఎవరికోసం తాతగారూ?" అని అడిగితే, "పితృదేవతలకి దారి కనపడొద్దట్రా?" అనేవారు. మరోసారి సముద్రపుటొడ్డున లైట్‌హౌస్ చూపించినప్పుడు కూడా అదే ప్రశ్న వేశాను. ఈసారి ఆయన కాసేపు ఊరుకుని, "ఎవరికోసమో వెలిగించేవాడికీ తెలియదురా" అన్నారు.

ఆ మాటలోని అర్థం చాలా ఏళ్ళ తర్వాత, ఇంగ్లండు తీరాన ఉన్న ఎడ్డీస్టోన్ దీపస్తంభం చరిత్ర చదువుతున్నప్పుడు గానీ నాకు బోధపడలేదు. సముద్రంలో మునిగిన ఓడల పేర్లు చరిత్రలో మిగులుతాయి. ఎక్కడ మునిగిందీ, ఎందరు పోయిందీ, ఏ సరుకు పోయిందీ ఎవరో ఒకరు రాసి పెడతారు. ఒక దీపాన్ని చూసి చుక్కాని తిప్పుకుని క్షేమంగా రేవు చేరిన ఓడ గురించి మాత్రం ఎవరూ రాయరు. ఆ నావికుడికి తాను బతికిపోయిన సంగతి కూడా తెలియదు. అందుకనే దీపస్తంభం చేసిన మేలుకి లెక్కలు దొరకవు. దాన్ని నిలబెట్టడానికి పడిన పాట్లకు మాత్రం దొరుకుతాయి. ఎడ్డీస్టోన్ విషయంలో ఆ లెక్క సుమారు మూడు వందల ఏళ్ళ పొడుగున సాగుతుంది.

ఎడ్డీస్టోన్ అనేది ఒక ఊరు కాదు, దీవి కూడా కాదు. ప్లిమత్ రేవుకు నైరుతి దిక్కుగా, సుమారు 14 మైళ్ళ దూరాన, ఇంగ్లీషు ఛానెల్లో ఉన్న కొన్ని రాతి బండల గుంపు. పోటు సమయంలో అవి దాదాపు పూర్తిగా నీళ్ళ కింద ఉంటాయి. ఆటు సమయంలో కొన్ని కొనలు పైకి తేలుతాయి. చుట్టూ నీరు లోతుగా ఉండడంవల్ల, కింద బండ ఉందన్న సూచన ముందుగా అందదు. అట్లాంటిక్ మీదుగా వారాల తరబడి ప్రయాణం చేసి, రేవు దగ్గర పడిందని ఊపిరి పీల్చుకునే వేళకి ఎదురయ్యే మృత్యువు అది.

పదిహేడో శతాబ్దపు నావికుడి పరిస్థితి కూడా గుర్తు పెట్టుకోవాలి. సూర్యుణ్ణో ధ్రువనక్షత్రాన్నో చూసి తానెంత ఉత్తరాన ఉన్నదీ చెప్పగలడు గానీ, ఎంత పడమరన ఉన్నదీ నిక్కచ్చిగా చెప్పే సాధనం అతని దగ్గర లేదు. మబ్బు కమ్మితే మొదటిదీ పోయింది. ఎడ్డీస్టోన్ భయంతో కొందరు కెప్టెన్లు ఓడను బాగా దక్షిణానికి తిప్పేవారు. అలా తిప్పి ఫ్రాన్సు తీరపు బండలకో, ఛానెల్ దీవుల రాళ్ళకో తగిలి మునిగిన ఓడలున్నాయి. ఆ రాళ్ళు తాకిన ఓడల్నే కాక, వాటి భయంతో పక్కకి పోయిన ఓడల్ని కూడా ముంచాయన్నమాట. ఇంతలో ప్లిమత్‌లో ఇంగ్లండు నౌకాదళానికి కొత్త నిర్మాణకేంద్రం వెలిసింది. ఓడల రాకపోకలు పెరిగాయి. అక్కడొక దీపం కావాలని అందరూ అనేవారే. కట్టడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

రాకపోవడానికి కారణముంది. దీపస్తంభాలు ప్రపంచానికి కొత్త కాదు. అలెగ్జాండ్రియాలోని ఫారోస్ క్రీస్తుకు పూర్వమే కట్టినది. కానీ అవి గట్టి నేల మీదనో, పెద్ద దీవుల మీదనో కట్టినవి. నడిసముద్రంలో, నాలుగు వైపుల నుంచీ అలలు మీద పడే బండమీద, రోజులో కొద్ది గంటలు మాత్రమే కాలు పెట్టనిచ్చే చోట కట్టడం అంతకు ముందు ఎవరూ తలపెట్టిన పని కాదు.

* * *

మొదట ముందుకొచ్చిన మనిషి ఇంజనీరు కాడు. పేరు హెన్రీ విన్‌స్టన్లీ. ఎసెక్స్ ప్రాంతంవాడు. రాగిరేకుల మీద బొమ్మలు చెక్కడం అతని వృత్తి, యంత్రాలతో వినోదాలు చెయ్యడం అతని సరదా. తన ఇంటినే విచిత్రశాలగా మార్చి, టిక్కెట్టు పెట్టి జనానికి చూపించేవాడు. లండన్‌లో నీటి విన్యాసాల ప్రదర్శనశాల ఒకటి నడిపాడు. ఇలా సంపాదించిన డబ్బు కొంత ఓడల మీద పెట్టాడు. వాటిలో రెండు ఎడ్డీస్టోన్ రాళ్ళకే కొట్టుకుని పోయాయి. పరిహాసంలో ఆరితేరినవాడికి ఒక్కసారిగా పట్టుదల వచ్చింది.

1696 జూలైలో పని మొదలుపెట్టాడు. ఆ వేసవి అంతా కలిసి అతని మనుషులు చెయ్యగలిగింది, బండలో 12 గుంతలు తవ్వి వాటిలో ఇనుపకడ్డీలు పాతడం. రోజూ ప్లిమత్ నుంచి పడవ మీద గంటల తరబడి తెడ్లు వేసుకుంటూ వెళ్ళాలి. తీరా వెళ్ళాక అలల ఉద్ధృతికి బండ మీద దిగలేక తిరిగి రావాలి. రెండో ఏడు ఆ కడ్డీల చుట్టూ రాతిదిమ్మె లేపుతుండగా ఇంకొక ఆపద వచ్చింది. అప్పుడు ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ యుద్ధం జరుగుతోంది. కాపలా ఉండవలసిన యుద్ధనౌక ఆ రోజు అక్కడ లేదు. ఫ్రెంచి దోపిడీ ఓడ ఒకటి వచ్చి విన్‌స్టన్లీని బందీగా పట్టుకుపోయింది. సంగతి తెలిసిన ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ, మన యుద్ధం ఇంగ్లండుతోనే గానీ మానవజాతితో కాదని చెప్పి విడిచిపెట్టించాడని ఒక కథ. ఇదే కథను తర్వాతి స్తంభం కట్టిన పనివాళ్ళకు అన్వయించి చెప్పేవారూ ఉన్నారు. రాజు సరిగ్గా ఆ మాటే అన్నాడో లేదో గానీ, ఆ మాట ఇన్నాళ్ళు బతకడానికి కారణం స్పష్టమే. దీపానికి వచ్చే ఓడ ఎవరిదో తెలియదు. శత్రువు ఓడకూ అదే వెలుగు.

1698 నవంబరు 14న విన్‌స్టన్లీ తన స్తంభం మీద కొవ్వొత్తులు వెలిగించాడు. ఆ తర్వాత సముద్రం కోపించి, వారాల తరబడి పడవ చేరనివ్వలేదు. తిండి అయిపోవస్తుండగా క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు ఆయన ఒడ్డు చేరాడు. ఆ చలికాలంలో అలలు దీపపు గది మీదుగా దూకడం కళ్ళారా చూశాడు గనక, మర్నాటి వేసవిలో స్తంభాన్ని మరింత లావు చేసి, సుమారు 120 అడుగుల ఎత్తుకి పెంచాడు. కానీ మనిషి స్వభావం పోనిచ్చుకోలేదు. పలకలు పలకలుగా ఉండే గోడలు, బయటికి పొడుచుకొచ్చిన వరండాలు, నగిషీలు, గాలిమరలు, అలంకరించిన పడకగది! దాని బొమ్మ చూస్తే నడిసముద్రపు కాపలా కట్టడంలా కాక, జాతరలో నిలబెట్టిన ప్రభలా ఉంటుంది. అయినా అది వెలిగినంత కాలం, అంటే 5 ఏళ్ళపాటు, ఆ రాళ్ళకు ఒక్క ఓడ కూడా బలి కాలేదని చెబుతారు.

ఎగతాళి చేసినవాళ్ళకి విన్‌స్టన్లీ ఒకే జవాబు చెప్పేవాడట. ఇంతవరకూ రానంత పెద్ద తుఫాను వచ్చిన రాత్రి తాను ఆ స్తంభంలోనే ఉండాలని తన కోరికట.

కార్తీకం మన తీరానికి తుఫానుల కాలం కూడా. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరు 19 మనం మరవలేని తేదీ. ఇంగ్లండుకు అలాంటి నవంబరు 1703లో వచ్చింది. వాళ్ళ పాత పంచాంగం ప్రకారం 26వ తేదీ రాత్రి మొదలైన ఆ గాలి దక్షిణ ఇంగ్లండును ఊడ్చేసింది. నౌకాదళం ఓడలే 13 దాకా పోయాయి. వేల మంది చనిపోయారు. తర్వాతి కాలంలో రాబిన్‌సన్ క్రూసో రాసిన డేనియల్ డీఫో, ఊరూరి నుంచీ చూసినవాళ్ళ మాటలు సేకరించి 1704లో ఆ తుఫాను మీద ఒక పుస్తకమే వేశాడు. మరమ్మతు పని మీద ఆ రోజే విన్‌స్టన్లీ కొందరు మనుషులతో స్తంభానికి వెళ్ళాడు. కోరుకున్న రాత్రి కోరుకున్న చోటే దొరికింది. తెల్లవారి ఒడ్డు నుంచి చూసినవాళ్ళకి ఖాళీ సముద్రం కనిపించింది. బండ మీద వంగిన ఇనుపకడ్డీలు కొన్నీ, పగుల్లో ఇరుక్కున్న గొలుసు ముక్కా తప్ప మరేమీ మిగలలేదు. మనుషుల జాడ లేదు.

కొద్ది రోజుల్లోనే వర్జీనియా నుంచి పొగాకు తెస్తున్న వించెల్సీ అనే ఓడ ఆ రాళ్ళకే కొట్టుకుని పగిలిపోయింది. దీపం విలువ ఎంతో, అది ఆరిన తర్వాత గానీ లెక్కకు రాలేదు.

* * *

రెండోసారి కట్టినవాడు కూడా ఇంజనీరు కాడు. జాన్ రడ్యర్డ్ లండన్‌లో పట్టుబట్టల వర్తకుడు. కానీ ఇతను ముందువాడి ఓటమిని శ్రద్ధగా చదివాడు. విన్‌స్టన్లీ గోడల మూలలు, అలంకారాలు గాలికి పట్టు ఇచ్చాయని గ్రహించాడు. అందుకే ఒక్క ముడత లేకుండా, నున్నగా, పైకి పోనుపోను సన్నబడే శంకువు ఆకారం ఎంచుకున్నాడు. సముద్రాన్ని తట్టుకోవడం ఎవరికి తెలుసు? ఓడలు కట్టే వడ్రంగులకు తెలుసు. వూలిచ్ ఓడల కార్ఖానా నుంచి ఇద్దరు వడ్రంగుల్ని పెట్టుకుని, ఓడను కట్టినట్టే స్తంభాన్ని కట్టాడు. వాలుగా ఉన్న బండను మెట్లుగా చెక్కించి, ఓక్ దూలాలు పేర్చి, బరువు కోసం మధ్య మధ్య రాతి వరసలు వేశాడు. పైన నిలువు పలకలు బిగించి, సందుల్లో నార కుక్కి కీలు పూశారు. 1708లో దీపం వెలిగింది, 1709లో పని పూర్తయింది.

ఆ కొయ్యస్తంభం 47 ఏళ్ళు నిలిచింది. గాలికి అది ఊగేది, కానీ విరగలేదు. దానికి శత్రువు వేరే చోట ఉంది. అడుగున ఓడపురుగు కొయ్యను తొలిచేది. అప్పుడప్పుడూ పలకలు మారుస్తూ వచ్చారు. కాపరుల జీవితం గురించి ఈ రోజుల కథే ఒకటుంది. మొదట్లో ఇద్దరే కాపరులుండేవారు. ఒకసారి ఒకడు జబ్బుతో చనిపోయాడు. శవాన్ని సముద్రంలో వేస్తే తనే చంపాడంటారేమోనని రెండోవాడు భయపడ్డాడు. వాతావరణం బాగుపడి పడవ వచ్చేదాకా, శవాన్ని పక్కనే పెట్టుకుని, ఒంటరిగా దీపం వెలిగిస్తూ కూర్చున్నాడట. ఆ తర్వాత ముగ్గుర్ని నియమించడం మొదలుపెట్టారు.

1755 డిసెంబరు 2 వేకువజామున దీపపు గది పైకప్పుకే నిప్పంటుకుంది. కాపరి హెన్రీ హాల్ వయసు 94 అని చెబుతారు. ఆయన కింద నిలబడి బక్కెట్లతో నీళ్ళు పైకి విసురుతున్నాడు. పైకప్పుకి వేసిన సీసం కరిగి ధారగా కారింది. నోరు తెరిచి పైకి చూస్తున్న ఆయన గొంతులోకి అందులో కొంత దిగింది. మంటలు కిందికి తరుముతుంటే ముగ్గురూ బండ సందులోకి చేరి దాక్కున్నారు. తీరం నుంచి వచ్చిన పడవ వాళ్ళని కాపాడింది. ఒడ్డు చేరగానే ఒక కాపరి ఎవరితో మాట చెప్పకుండా పారిపోయాడు, మళ్ళీ కనబడలేదు. హాల్ మాత్రం తన కడుపులో సీసం ఉందని చెబుతూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు. పన్నెండో రోజున చనిపోయాక ప్లిమత్ వైద్యుడు స్ప్రై కడుపు కోసి చూస్తే, 7 ఔన్సులకు పైగా బరువున్న సీసపు ముద్ద బయటపడింది. ఆ వైద్యుడు రాయల్ సొసైటీకి రాస్తే, వాళ్ళు కూడా ముందు నమ్మలేదు. ఆ సీసపు ముక్క ఈ రోజుకీ ఎడింబరోలోని స్కాట్లండు జాతీయ మ్యూజియంలో ఉంది. బతికినన్నాళ్ళు దీపం కాచిన ముసలివాడి మాట నిజమని చెప్పడానికి అదొక్కటే సాక్షి.

* * *

ఇప్పుడు దీపస్తంభపు యజమానులు రాయల్ సొసైటీ అధ్యక్షుడి సలహా అడిగారు. ఆయన జాన్ స్మీటన్ పేరు చెప్పాడు. లీడ్స్ దగ్గర 1724లో పుట్టిన స్మీటన్, అప్పటికి 31 ఏళ్ళ యువకుడు. శాస్త్రపరికరాలు తయారుచేసేవాడు. దీపస్తంభం మాట దేవుడెరుగు, పెద్ద కట్టడాల అనుభవమే అంతంతమాత్రం. కానీ దేన్నైనా కొలిచి, పరీక్షించి గానీ నమ్మని మనిషి.

యజమానులు మళ్ళీ కొయ్యతోనే కడదామన్నారు. కొయ్య ఊగుతుంది కాబట్టి నిలిచిందని అందరి నమ్మకం. స్మీటన్ అందుకు ఒప్పుకోలేదు. అలలకు కట్టడం లొంగకూడదు, కట్టడానికి అలలే లొంగాలి, అంతటి బరువుండాలి అన్నది అతని వాదన. కాబట్టి రాయి కావాలి. ఆకారం కోసం ఓక్ చెట్టు కాండాన్ని ఉదాహరణగా చెప్పుకున్నాడు. నేలకు దగ్గర వెడల్పుగా పరుచుకుని, లోపలికి వంపు తిరుగుతూ సన్నబడి, నిటారుగా లేస్తుంది. అంత గుబురుగా కొమ్మలున్నా గాలికి కూలదు. ఆ తర్వాత రెండు శతాబ్దాలపాటు ప్రపంచంలో సముద్రపు బండల మీద లేచిన స్తంభాల్లో చాలావాటికి ఈ వంపే ఒరవడి అయింది. 1811లో స్కాట్లండు తీరాన వెలిగిన బెల్ రాక్ స్తంభం కట్టినవాళ్ళు కూడా స్మీటన్ దారినే ఎంచుకున్నారు.

రాళ్ళు బరువైనవే కావచ్చు, కానీ పెద్ద అల ఒక్కో రాయిని విడిగా పీకగలదు. అందుకని ప్రతి రాయినీ పక్కరాయితో పెనవేశాడు. ఒక రాయి అంచు పావురం తోకలా కొస వెడల్పుగా, మొదలు సన్నంగా ఉంటుంది. పక్కరాయిలో సరిగ్గా అలాంటి గుంట ఉంటుంది. ఒకసారి దింపితే పక్కలకు లాగినా రాదు. మొదటి వరసల రాళ్ళని బండలో చెక్కిన గుంటల్లోకే బిగించాడు. కింది వరసకూ పై వరసకూ మధ్య పాలరాతి బిళ్ళలు, ఆరేదాకా కదలకుండా ఓక్ కొయ్య మేకులు. బయట కార్న్‌వాల్ గ్రానైటు, లోపల పోర్ట్‌లండ్ రాయి. ప్రతి వరసనూ ముందు ప్లిమత్ ఒడ్డున పూర్తిగా అమర్చి చూసి, గుర్తులు వేసి, విడదీసి పడవలకెక్కించేవారు. నడిసముద్రంలో రాయి సరిపోలేదనడానికి వీల్లేదు కదా!

అన్నింటికంటే పెద్ద చిక్కు సున్నంతో వచ్చింది. మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇక్కడేమో వేసిన కొద్ది గంటలకే పోటు వచ్చి ముంచేస్తుంది. స్మీటన్ రకరకాల సున్నపురాళ్ళు తెప్పించి, కాల్చి, ఉండలు చేసి నీళ్ళలో వేసి చూశాడు. కొన్ని కరిగిపోయాయి, కొన్ని నీళ్ళలోనే గట్టిపడ్డాయి. ఎందుకని? ఆమ్లంలో ఆ రాళ్ళను కరిగించి చూస్తే, గట్టిపడిన రాళ్ళన్నిటిలోనూ అడుగున బంకమట్టి మిగిలింది. అంతకాలం మంచి సున్నమంటే తెల్లగా, స్వచ్ఛంగా ఉండేదే అని మేస్త్రీల నమ్మకం. అది తప్పు. మట్టి కలిసిన, చూపుకి నాసిరకంగా కనబడే రాయే నీళ్ళకు నిలుస్తుంది. వేల్స్‌లోని అబర్‌థా సున్నాన్ని ఇటలీ నుంచి తెప్పించిన అగ్నిపర్వతపు బూడిదమట్టితో సమపాళ్ళలో కలిపి వాడాడు. ఆ ఇటలీ మట్టిని రోమన్లు ఎన్నో శతాబ్దాల క్రితమే తమ రేవుల కట్టడాలకి వాడారు.

ఈ ఘట్టం దగ్గర తెలుగువాళ్ళం కొంచెం ఆగాలి. మన మేస్త్రీలు గానుగలో సున్నం ఆడించేటప్పుడు ఇటుకపొడి కలిపేవారు. సుర్కీ అంటాం. చెరువు తూములు, బావులు, నీటి తొట్లు కట్టినప్పుడు ఇదే పద్ధతి. కాలిన మట్టిలోని పదార్థాలు సున్నంతో కలిసి, గాలి అక్కర్లేకుండానే రాయిలా బిగుస్తాయి. ఇటలీ బూడిద చేసే పని కూడా సరిగ్గా ఇదే. పద్ధతి మన చేతుల్లో ఉంది. రోమన్ల చేతుల్లోనూ ఉండేది. స్మీటన్ కొత్తగా చేసిందేమిటంటే, ఎందుకని అడగడం, అడిగి కనుక్కున్నది 1791లో పుస్తకంగా అచ్చువేసి అందరి ముందూ పెట్టడం. తన మిశ్రమం మంచి పోర్ట్‌లండ్ రాయికి సాటి వస్తుందని అందులో రాసుకున్నాడు. 1824లో లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఒక కొత్త సిమెంటుకు పేటెంటు తీసుకుని, దానికి పోర్ట్‌లండ్ సిమెంటు అనే పేరే పెట్టాడు. ఈ రోజు మన ఊళ్ళలో కట్టే ప్రతి డాబా గోడలోనూ ఆ బండ మీద గెలిచిన పాఠం తాలూకు వారసత్వం కొంత ఉంది.

పనివాళ్ళలో చాలామంది కార్న్‌వాల్ తగరపు గనుల కూలీలు. ఆ రోజుల్లో సముద్రం మీద కనబడిన మగవాణ్ణి బలవంతంగా నౌకాదళంలోకి లాక్కుపోయేవారు. అందుకని ఎడ్డీస్టోన్ పనివాడినని చెప్పే బిళ్ళ ఒకటి ప్రతివాడికీ ఇచ్చారు. 1757 జూన్ 12న మొదటి రాయి వేశారు. దాని బరువు 2 టన్నుల పైమాట. పని జరిగే రోజుల్లో తుఫాను వస్తే, స్మీటన్ ప్లిమత్ మెట్ట మీదకెక్కి దూరదర్శినిలో చూసేవాడు. తెల్లటి నీటిస్తంభం లేచి కట్టడాన్ని కప్పేసేది. నీరు కిందికి దిగాక రాళ్ళు అలాగే కనబడేవి. 1493 రాళ్ళతో 72 అడుగుల స్తంభం 1759 ఆగస్టులో పూర్తయింది. అక్టోబరు 16 రాత్రి 24 కొవ్వొత్తులు వెలిగించారు. యుద్ధానికి సంబంధం లేని కట్టడాలు కట్టేవాణ్ణని చెప్పుకోవడానికి స్మీటన్ తనను సివిల్ ఇంజనీరు అనుకున్నాడు. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళలో అతనే మొదటివాడంటారు. 1771లో ఆ వృత్తివాళ్ళకి తొలి సంఘం పెట్టినవాళ్ళలో కూడా అతనున్నాడు.

* * *

ఇంత ఖర్చు ఎవరు భరించారు? ఖజానా కాదు. రేవుల్లో సుంకం వసూలు చేసేవాళ్ళు, దీపం దాటి వచ్చిన ఓడల దగ్గర టన్నుకొక పెన్నీ చొప్పున రాబట్టేవారు. ఆ రాబడి మీద హక్కును ప్రభుత్వం నుంచి కౌలుకు తీసుకున్నవాళ్ళే స్తంభం కట్టించారు. దీపం వెలుగుని డబ్బివ్వనివాడికి చూపించకుండా దాచలేం కాబట్టి, దీపస్తంభాన్ని ప్రభుత్వం తప్ప ఇంకెవరూ నడపలేరని ఆర్థికశాస్త్రం పుస్తకాలు చాలాకాలం ఉదాహరణగా చెప్పుకొచ్చాయి. 1974లో రోనాల్డ్ కోస్ ఎడ్డీస్టోన్ వంటి దీపాల చరిత్ర తవ్వి, జరిగింది వేరని చూపించాడు. అయితే ఆ పెన్నీని బలవంతంగా రాబట్టే అధికారం ప్రభుత్వం ఇచ్చినదే కదా అని ఆయన తర్వాత వచ్చినవాళ్ళు గుర్తుచేశారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కౌలుదారులు లాభం కోసమే దిగారు. కానీ లాభం కోసం దిగినవాడు హెన్రీ హాల్‌లాగా మంటల కింద నిలబడడు. 1807లో కౌలు తీరిపోయి, దీపం ట్రినిటీ హౌస్ అనే నావికసంస్థ చేతికి వచ్చింది. కొవ్వొత్తులు పోయి, 1810లో అద్దాలు తొడిగిన నూనెదీపాలు వచ్చాయి. ఆ తర్వాత వెలుగుని ఒకచోటికి చేర్చే ఫ్రెనెల్ కటకం వచ్చింది.

స్మీటన్ స్తంభం 120 ఏళ్ళకు పైగా నిలిచింది. 1860 నుంచి మూడు దశాబ్దాలకు పైగా బ్రిటిషు పెన్నీ నాణెం మీద బ్రిటానియా పక్కన కనిపించే దీపస్తంభం అదేనంటారు. చివరికి ఓడిపోయింది స్తంభం కాదు, దాని కింద ఉన్న బండ. అలలు అడుగున తొలిచేయడంతో, పెద్ద కెరటం తగిలినప్పుడల్లా స్తంభం వణికేది. ట్రినిటీ హౌస్ ఇంజనీరు జేమ్స్ డగ్లస్ పక్కనే ఉన్న మరో బండను ఎంచుకున్నాడు. స్మీటన్ వంపు మీదుగా అల పైకి పాకుతోందని గమనించి, అడుగున నిలువు గోడలతో గుండ్రటి పునాది వేసి, అల అక్కడే విరిగేటట్టు చేశాడు. రాళ్ళను పెనవేసే పద్ధతి మాత్రం స్మీటన్ నుంచే తీసుకున్నాడు. 49 మీటర్ల ఆ నాలుగో స్తంభం 1882 మే 18న వెలిగింది. ఇప్పుడు వెలుగుతున్నది అదే.

పాతదాన్ని ఏం చేశారు? ప్లిమత్ ప్రజలు దాన్ని పోనివ్వలేదు. పై భాగాన్ని రాయి రాయిగా విప్పి, ఒకప్పుడు స్మీటన్ నిలబడి చూసిన మెట్ట మీదే 1884లో మళ్ళీ నిలబెట్టారు. అడుగుభాగం మాత్రం బండతో ఏకమైపోయి ఉంది గనక అక్కడే వదిలేశారు. ఇప్పటికీ డగ్లస్ స్తంభం పక్కన ఆ మొండెం నిలిచే ఉంది. ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఒక మేస్త్రీకి ఉండదనుకుంటాను.

1982లో ఎడ్డీస్టోన్‌లో యంత్రాలు దీపాన్ని స్వాధీనం చేసుకున్నాయి. కాపరులు మెట్లు దిగి ఒడ్డుకు వచ్చేశారు. నెత్తి మీద హెలికాప్టరు దిగే వేదిక వచ్చింది. ఇప్పుడు ప్రతి ఓడలోనూ ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు చెప్పే పరికరం ఉంది. అయినా ఎడ్డీస్టోన్ దీపాన్ని ఆర్పెయ్యలేదు. పరికరం పాడైన రాత్రి, లేదా అది చెప్పేది నిజమా కాదా అని అనుమానం వచ్చిన రాత్రి, కంటితో చూసి పోల్చుకోవడానికి ఒక వెలుగు ఉండాలన్నది నావికుల మాట. ప్రతి పది సెకన్లకు రెండుసార్లు అది ఇంకా మెరుస్తూనే ఉంది.

ఈ నలుగురి కథలో నన్ను ఆకట్టుకున్నది గెలుపు కాదు. విన్‌స్టన్లీ తన ప్రాణంతో నేర్పిన పాఠాన్ని రడ్యర్డ్ చదువుకున్నాడు. రడ్యర్డ్ కొయ్యకి అంటుకున్న మంటల నుంచి స్మీటన్ నేర్చుకున్నాడు. స్మీటన్ తప్పు ఎక్కడుందో స్మీటన్ రాళ్ళ మీద నిలబడే డగ్లస్ కనిపెట్టాడు. ముందువాణ్ణి వెక్కిరించడంతో ఆగిపోయినవాడెవరూ ఆ బండ మీద ఏమీ కట్టలేదు. మన దేశంలో ఒక వంతెన కూలినా, ఒక పడవ మునిగినా, ఎవరిని శిక్షించాలన్న గొడవలో ఎందుకు కూలింది, ఎందుకు మునిగింది అన్న ప్రశ్న మరుగున పడిపోవడం చూస్తుంటాం. శిక్షించవలసినవాళ్ళని శిక్షించవలసిందే. కానీ పడిపోయినదాన్ని చదవకపోతే మళ్ళీ లేపేది కూడా పడిపోయేదే అవుతుంది.

తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. మా గుడిలో ఆకాశదీపం ఇప్పటికీ ఎత్తుతున్నారట, ప్రమిదకి బదులు కరెంటు బల్బు పెట్టి. ఎవరు చూస్తారో, ఎవరికి దారి కనబడుతుందో వెలిగించేవాడికి ఇప్పుడూ తెలియదు. తెలియకపోయినా, పొద్దుగూకే వేళకి ఎవరో ఒకరు వెళ్ళి స్విచ్చి నొక్కాలి. అంతే.